పిడికెడు గింజలు

డోర్నకల్ వెళ్లి అక్కడి పెద్ద దేవాలయాన్ని చూడాలన్న కోరిక నాకు చాలా ఏళ్లుగా ఉన్నది. మా పల్లె ఖమ్మానికి దగ్గర. ఖమ్మంలో రైలెక్కితే డోర్నకల్ ఎంతో దూరం కాదు. అయినా సంసారంలో పడిన ఆడదానికి దగ్గర ఊళ్లే దూరమవుతాయి. నాట్లు అయిపోతే కలుపు, కలుపు అయిపోతే మిరప కోత, కోత అయిపోతే పిల్లల పరీక్షలు. వచ్చే ఏడు వెళ్దాంలే అనుకుంటూనే తల నెరిసింది. చివరికి 2018 జనవరిలో దేవుని కృపవలన ఆ ప్రయాణం జరిగింది. అయితే నేను వెళ్లింది చూడముచ్చటకు కాదు. పోగొట్టుకున్నది ఒకటి అక్కడైనా దొరుకుతుందేమోనని వెళ్లాను. ఆ సంగతి ముందుగా చెప్పుకోవాలి.

అప్పటికి రెండేళ్లుగా మా అత్తమ్మ పక్షవాతంతో మంచాన ఉన్నది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. రెండు గంటలకొకసారి పక్క తిప్పాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. ఒళ్లు తుడవాలి, బట్టలు మార్చాలి, ఉతకాలి, గంజి చెంచాతో తాగించాలి. దానితోపాటు గేదె పని, వంట పని, చేలో కూలివాళ్లకు అన్నం పంపే పని ఉండనే ఉన్నాయి.

అంతకుముందు నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరించేదాన్ని. స్త్రీల సహవాసంలో వాక్యం చదివేదాన్ని. ఆదివారం గుడి గంట కొట్టకముందే చాప పరిచి కూర్చునేదాన్ని. ఆ రెండేళ్లలో అవన్నీ ఒక్కొక్కటిగా జారిపోయాయి. రాత్రి బైబిలు తెరిస్తే రెండు వచనాలు చదివేలోపు నిద్ర ముంచుకొచ్చేది. గుడికి వెళ్లిన ఆదివారాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దేవునికీ నాకూ మధ్య ఒక తలుపు మూసుకున్నట్టు, ఆ తలుపు వేసింది మా అత్తమ్మ అన్నట్టు నా మనసులో ఒక చేదు పేరుకున్నది.

ఒక రాత్రి మూడోసారి బట్టలు మార్చవలసి వచ్చింది. అప్పుడు నా నోటినుండి, "ఆ దేవుడు ఎప్పుడు తీసుకుపోతాడో ఏమో!" అన్న మాట వచ్చేసింది. ఆమెకు మాట పోయింది గాని చెవులు పోలేదు. ఆమె కంటి మూలనుండి నీరు కారి దిండు మీద పడింది. నేను చూడనట్టే దీపం ఆర్పి పడుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉన్నది. కాని మన ఇళ్లలో మంచానపడ్డ పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు సేవ చేస్తున్న కోడళ్లు, కూతుళ్లు ఎందరో ఉన్నారు. ఎవరికైనా మేలు కలుగుతుందని దాచకుండా రాస్తున్నాను.

ప్రయాణము

సంక్రాంతి సెలవులకు మా ఆడపడుచు వచ్చింది. నా ముఖం చూసి ఏమనుకున్నదో, "వదినా, ఒక్కరోజు అమ్మను నేను చూసుకుంటాను. నీకిష్టమైన చోటికి వెళ్లి రా" అన్నది. వెంటనే నా నోట డోర్నకల్ పేరు వచ్చింది. తోడుగా మా వీధి పెద్దమ్మ బయలుదేరింది. ఆమెకు ఎనభై దాటాయి. వరసకు పెద్దమ్మే గాని, నా చిన్నప్పటినుండి మా సంఘంలో అందరికీ ఆమె పెద్దమ్మే. "చిన్నపిల్లప్పుడు ఎద్దుల బండి మీద పోయిన ఊరు బిడ్డా, కన్నుమూసేలోపు మళ్లీ ఒకసారి చూస్తా" అన్నది.

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాము. కిటికీ అవతల మిరప చేలు ఎర్రబారుతున్నాయి. పత్తి తీసిన చేలల్లో ఎండుమోళ్లు నిలబడి ఉన్నాయి. డోర్నకల్ రైల్వే జంక్షను. కాజీపేట నుండి విజయవాడ వెళ్లే పెద్ద లైను మీద ఉన్న ఈ స్టేషనునుండే కొత్తగూడెం, మణుగూరు వైపు చీలే లైను ఉన్నది. ఆ వైపునుండి సింగరేణి బొగ్గు వస్తుంది. మేము దిగేసరికి బొగ్గు వ్యాగన్ల బండి ఒకటి నిలబడి ఉన్నది. దాని పొడవు చూసి పెద్దమ్మ, "ఇన్ని బండ్ల బొగ్గు ఎవరి పొయ్యిలోకి పోతుందో!" అని ఆశ్చర్యపోయింది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. అక్కడనుండి ఆటోలో దేవాలయానికి వెళ్లాము.

రాతి మందిరము

ఎపిఫనీ కతీడ్రల్ అని ఆ దేవాలయం పేరు. తూర్పు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి వచ్చి శిశువైన ప్రభువును ఆరాధించిన ప్రత్యక్షతా పండుగ పేరు మీద దానిని కట్టారు. 1939 జనవరి 6న, ఆ పండుగనాడే, ప్రతిష్ఠ జరిగింది. దూరంనుండి చూస్తే మనం క్యాలెండర్లలో చూసే చర్చిలాగా ఉండదు. లోపలి రాతి స్తంభాలు మన పాత గుళ్లలోని మండపాన్ని జ్ఞాపకం చేస్తాయి. పైన గుమ్మటాలు మసీదులను జ్ఞాపకం చేస్తాయి. వాటి మధ్య సిలువ నిలిచి ఉంటుంది. ఈ నేల మీద పుట్టిన శిల్పమంతా ప్రభువు పాదాలయొద్దకు రావాలన్నది దాన్ని కట్టించిన బిషప్ అజరయ్యగారి ఆశ.

వి. ఎస్. అజరయ్యగారిది తెలుగు నేల కాదు. 1874లో తమిళ దేశంలోని తిరునల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి పల్లె గురువు. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత కానుకలతో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం తరఫున అజరయ్యగారు 1909లో డోర్నకల్ వచ్చారు. పరాయి భాషయైన తెలుగును నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషపుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషపు అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించేవరకు ఈ డోర్నకలే ఆయన సేవాస్థలం. ఆయన వెళ్లిపోయిన తరువాత 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ అధ్యక్ష ఖండం అందులో చేరింది.

ఆయన మంద ఎవరు? ఎక్కువమంది మాల మాదిగ పల్లెల కూలి జనం. తెల్లవారితే దొర చేలోకి, పొద్దుగూకితే గుడిసెలోకి వెళ్లేవాళ్లు. అందుకే చాలా పల్లెల్లో ఆరాధన రాత్రిపూట జరిగేది. పనినుండి తిరిగివచ్చి, కాళ్లు కడుక్కొని, లాంతరు చుట్టూ కూర్చొని ఉపదేశకుని వెంట ప్రార్థన చెప్పేవారు. చదువు రానివారికి నోటితోనే నేర్పించేవారు. అంతటి పేదలు కూడా దేవునికి ఇవ్వగలరనీ, ఇవ్వాలనీ అజరయ్యగారు బోధించారు. క్రైస్తవులు ఇవ్వవలసిన కానుకను గూర్చి ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. కోత పండుగకు జనం ధాన్యం, కోళ్లు, గుడ్లు, కూరగాయలు తెచ్చి దేవుని సన్నిధిలో పెట్టేవారు. ఇంటింటా స్త్రీలు వంటకు కొలిచిన గింజలలోనుండి పిడికెడు తీసి దేవుని భాగంగా వేరే కుండలో దాచేవారు. మన పిడికెడు బియ్యం కానుక అలా పాతుకున్న అలవాటే.

పెద్దమ్మ చెప్పిన మాట

లోపల చల్లగా ఉన్నది. పండుగ దినం కాదు గనుక జనం లేరు. పెద్దమ్మ ముందుకు వెళ్లలేదు. వెనుక ఒక స్తంభానికి ఆనుకొని నేల మీద కూలబడింది. అరచేతితో రాతిని చాలాసేపు తడుముతూ కూర్చున్నది.

"నీ చిన్నప్పుడు ఇట్లాగే ఉండేదా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఏమో బిడ్డా, నాకు బండి గుర్తున్నది, ఎడ్ల మెడలో గంటలు గుర్తున్నాయి. రాత్రంతా బండి నడిచింది. గింజల మూటల మీద నన్ను పడుకోబెట్టారు. తెల్లారి ఇక్కడ దిగేసరికి ఎంత జనమో! బిషపుగారు వచ్చి వాక్యం చెప్పారట. నేనేమో మూటల మీదనే నిద్రపోయానట. మా అమ్మ బతికున్నన్నాళ్లు ఆ మాట చెప్పి నవ్వేది."

"మూటల్లో బియ్యమేనా?"

"ఎక్కడి బియ్యం బిడ్డా! మాకు బియ్యం పండుగనాడే. మిగతా దినాలన్నీ జొన్న గటకే. కూలికి పోతే మానికెడు జొన్నలు కొలిచేవాళ్లు. అమ్మ ఇంటికి వచ్చి విసుర్రాయి ముందు కూర్చొని, రాతి నోట్లో పోసే ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. గింజలు చాలని రోజు కూడా ముందు అదే. మేము ఆకలని ఏడుస్తుంటే కూడా ముందు అదే. ఆ పిడికిలి మూసి ఒక పేరు చెప్పేది. ఒకనాడు జ్వరమొచ్చిన పక్కింటామె పేరు, ఒకనాడు పురిటికి పోయిన మా అక్క పేరు. ఒకసారి మా కూలి ఎగ్గొట్టిన దొర పేరు కూడా చెప్పింది."

"దొర పేరా?"

"ఆ. ఆ దినం పిడికిలి బిగిసిపోయింది. విడవడానికి చాలాసేపు పట్టింది. ఏమిటమ్మా అంటే, ఆగవే, ఇంకా వేళ్లు రావడం లేదు అన్నది."

ఆ మాటకు ఇద్దరమూ నవ్వుకున్నాము. తరువాత నేను ముందుకు వెళ్లి మోకరించాను. రెండేళ్లుగా పోగొట్టుకున్న ప్రార్థన ఇంత పెద్ద మందిరంలోనైనా దొరకకపోతుందా అని నా ఆశ. కళ్లు మూసుకున్నాను. ఒక్క మాటా రాలేదు, ఒక్క కన్నీటి చుక్కా రాలేదు. పన్నెండు కావస్తున్నదే, ఆడపడుచు అత్తమ్మను పక్క తిప్పిందో లేదో, గంజి మరీ వేడిగా పోయలేదు కదా అన్న తలంపులే వచ్చాయి. ఇక్కడికి వచ్చి కూడా మంచమూ గంజేనా అని నా మీద నాకే కోపం వచ్చి లేచి వచ్చేశాను.

"ఏం ప్రార్థన చేశావు బిడ్డా?" అన్నది పెద్దమ్మ.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రాత్రి నేనన్న మాట కూడా చెప్పాను. అంతవరకు ఆ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కాసేపు ఊరుకొని, "మీ అత్తమ్మ గంజి గురించి తలచుకున్నావు గదా, అప్పుడు ఆమె పేరు దేవునితో చెప్పావా?" అన్నది.

"లేదు."

"పేరు చెప్పు బిడ్డా. ఆ పనే పట్టుకొని పేరు చెప్పు. మా అమ్మకు మోకరించడానికి తీరిక ఎక్కడిది? చేతిలో ఉన్న గింజలే పట్టుకున్నది."

ఇంటి కుండ, గుడి పాత్ర

తిరుగు రైలుకు ఇంకా వ్యవధి ఉన్నది. స్టేషనులో బల్ల మీద కూర్చొని నేను సంచిలోని బైబిలు తీశాను. సారెపతు విధవరాలి సంగతి ఉన్న మొదటి రాజుల గ్రంథము 17వ అధ్యాయము చదివాను. తొట్టిలో పిడికెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె తప్ప ఆమెకేమీ లేదు. ఆ పిండిలోనుండే ముందుగా తనకొక చిన్న అప్పం చేసి తెమ్మని ఏలీయా అడిగాడు. మిగిలితే ఇమ్మనలేదు, ముందు ఇమ్మన్నాడు. ఎన్నిసార్లో విన్న ప్రసంగమే. అయినా ఆమె ఆ విశ్వాస కార్యం చేసింది గుడిలో కాదు, పొయ్యి ముందు అన్న సంగతి ఆ దినమే నాకు తట్టింది.

పెద్దమ్మ ఎడ్ల గంటల మాట చెప్పింది గదా. ఆ మాట వినగానే నాకు జెకర్యా గ్రంథము చివరి అధ్యాయము, 20, 21 వచనాలు జ్ఞాపకం వచ్చాయి. ప్రధానయాజకుని నుదుట బంగారు రేకు మీద చెక్కిన పరిశుద్ధతా ముద్ర, ఆ దినాన గుర్రాల మెడ గంటల మీద కూడా ఉంటుందట. మందిరంలోని కుండలు బలిపీఠం ఎదుటి పాత్రలంత ప్రతిష్ఠితమవుతాయట, యెరూషలేములోను యూదాలోను ఉన్న కుండలన్నీ సైతం యెహోవాకు ప్రతిష్ఠితమవుతాయట. ప్రవక్త చూసిన ఆ దర్శనంలో గుడిలోని పరిశుద్ధత గుడిలోనే ఆగిపోలేదు. బాట మీదికి వచ్చింది, వంటింట్లోకి వచ్చింది.

ఇది చదివి మన పనులన్నీ వాటంతట అవే ప్రార్థనలు, ఇక మోకరించనక్కరలేదు అనుకుంటే మోసపోతాము. రెండేళ్లు నేను చేసింది పనే. చేతులు సేవ చేస్తుంటే మనసు సణుగుతూనే ఉన్నది. అది ప్రార్థన కాలేదు సరికదా, పాపమయ్యింది. జొన్నలు కూడా వాటంతట అవే కానుక కావు. పిడికెడు వేరుగా తీసి, ఇది ప్రభువుది అని చెప్పినప్పుడే అవి కానుక. మా పెద్దమ్మవాళ్ల అమ్మకు మిగిలిన జొన్నలు విసరడం కూడా ఆ పిడికిలి వల్లనే ఆరాధనయ్యింది. పని మొదట్లో ఒక్క క్షణం, ఒక్క పేరు. అది ప్రభువు చేతికి వెళ్తే తక్కిన గంటంతా దాని వెంట వెళ్తుంది. చేసే పనిని మనుష్యుల కోసమని గాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయుమని పౌలు కొలొస్సయులకు 3వ అధ్యాయములో రాసింది తీరికగలవారికి కాదు, యజమానుల ఇళ్లలో ఊడిగం చేసే దాసులకు.

ఇంటికి వచ్చాక

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాము. కాళ్లు కడుక్కొని నేరుగా అత్తమ్మ మంచం దగ్గరకు వెళ్లాను. ఆమె చెవి దగ్గర వంగి, ఆ రాత్రి అన్న మాటకు నన్ను క్షమించమని అడిగాను. మాట పడిపోయిన మనిషి ఏమని జవాబిస్తుంది? నన్ను చూసింది. చాలాసేపు అట్లాగే చూసింది. తరువాత ఎడమ చేత్తో నా కొంగు పట్టుకున్నది.

మరునాడు అటక మీదనుండి ఆమె పాత కుండ దించాను. ఒకప్పుడు మా ఇంట్లో పిడికెడు బియ్యం తీసేది ఆమే. ఆమె మంచానపడ్డాక ఆ అలవాటు పోయింది. కుండ కడిగి ఆరబెట్టి, ఎసరు పెట్టే ముందు బియ్యం పళ్లెం ఆమె మంచం మీదికి తీసుకెళ్లాను. "అత్తమ్మా, దేవుని భాగం నువ్వే తియ్యి" అన్నాను. ఆమె పళ్లెం వంక చూసి, పడిపోయిన కుడి చేతి వంక చూసి, తల అడ్డంగా ఊపింది. నాకు అర్థమయింది. ఎడమ చేత్తో దేవునికి ఎట్లా ఇస్తామని ఆమె బాధ. "ఆయనే ఆ చేయి మిగిల్చాడు గదా, ఏ చేయని చూడడులే" అన్నాను. ఆమె వణుకుతున్న వేళ్లతో బియ్యం తీసింది. సగం పళ్లెంలోనే రాలిపోయాయి. మిగిలినవి కుండలో పడ్డాయి. ఆ పిడికిలి మీద నా చేయి వేసి నేను ఒక పేరు చెప్పాను. మొదటి దినం చెప్పింది ఆమె పేరే. పెద్దమ్మవాళ్ల అమ్మలాగా నాకు కూడా వేళ్లు వెంటనే విడివడలేదు.

ఆ తరువాత దినదినమూ అట్లాగే జరిగింది. కాళ్లు తుడిచేటప్పుడు మంచం మీదున్న వేరొకరి పేరు చెప్పేదాన్ని. బట్టలు ఉతికేటప్పుడు మా పిల్లల పేర్లు చెప్పేదాన్ని. కూలివాళ్లకు అన్నం కట్టేటప్పుడు ఒక్కొక్కరి పేరు చెప్పేదాన్ని. పొలంలోకి వస్తూనే బోయజు కోతవాళ్లకు యెహోవా పేరట శుభం పలికాడని రూతు గ్రంథము 2వ అధ్యాయములో ఉన్నది గదా. ఆ మాటతోనే మూట కట్టి పంపేదాన్ని. పని తగ్గిందని చెప్పను. నడుము నొప్పి పోలేదు. విసుగు వచ్చిన రాత్రులు ఇంకా ఉన్నాయి, క్షమించమని అడిగిన ఉదయాలూ ఉన్నాయి. కాని దేవునికీ నాకూ మధ్య అత్తమ్మ తలుపు వేసిందన్న చేదు మాత్రం పోయింది. నేను తట్టవలసిన తలుపు ఆ మంచమే. కొన్నాళ్లకు, ఎట్లాగో చెప్పలేను గాని, నాలుగింటికి మెలకువ కూడా తిరిగి వచ్చింది. ఆమెను పక్క తిప్పి, ఆమె మంచం కోడు దగ్గరే మోకరించేదాన్ని.

ఆ ఏడాది చివరలో అత్తమ్మ ప్రభువునందు నిద్రించింది. అది శుక్రవారం. కుండలో సగానికి పైగా బియ్యం ఉన్నాయి. ఆదివారం మా ఆయన వాటిని గుడికి తీసుకెళ్లి కానుకల పక్కన పెట్టి, "ఇవి మా అమ్మ తీసినవి" అని మాత్రం అన్నాడు. అయ్యగారు వాటి మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. పెద్దమ్మ ముందు వరుసలో కూర్చొని ఉన్నది.

ప్రియ సహోదరీలారా, వీలైతే డోర్నకల్ వెళ్లి రండి. ఆ రాతి స్తంభాలను, గుమ్మటాలను మీ పిల్లలకు చూపించండి. చేతిలో ఏమీ లేని మన తాతమ్మలు ప్రభువుకు ఏమి ఇచ్చారో చెప్పండి. వెళ్లడానికి వీలుకాకపోతే బాధపడవద్దు. రేపు పొద్దున ఎసరు పెట్టే ముందు మీ ఇంటి బియ్యంలో చేయి పెట్టి పిడికెడు తీయండి. ఆ పిడికిలి విడవకముందు ఒక పేరు చెప్పండి. ఎవరి పేరు చెప్పడానికి మీకు కష్టమో, ఆ పేరే ముందు చెప్పండి.

ప్రభువు మన ఇంటి కుండలను ప్రతిష్ఠించును గాక. ఆమేన్.